ఉప్పు గాలి, ఇనుప బండి: దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ దాకా



బందరు, అవనిగడ్డ, రేపల్లె వైపు నుండి హైదరాబాదు వెళ్లే మన కుటుంబాలకు పట్నం అనగానే మొదట కనబడేది చార్మినారు కాదు, ఎల్.బి.నగర్ చౌరస్తా. రాత్రి బస్సెక్కి ఒళ్లో సంచి పెట్టుకుని కునికిపాట్లు పడుతూ ప్రయాణం చేస్తే, తెల్లవారుజామున కండక్టరు "ఎల్బీ నగర్, ఎల్బీ నగర్" అని కేకవేసే చోటు అది. లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టిన ఆ ఊరు ఒకప్పుడు వేరే మున్సిపాలిటీ. 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. అక్కడి నుండి చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ సుమారు నాలుగు కిలోమీటర్లు. 2018 సెప్టెంబరు నుండి ఆ దారి నెత్తిమీద మెట్రో రైలు కూడా నడుస్తున్నది.

సంఘ పనుల మీద, ఆసుపత్రుల పనుల మీద, పిల్లలను హాస్టళ్లలో చేర్పించే పనుల మీద ఆ నాలుగు కిలోమీటర్లు నేను చాలాసార్లు తిరిగాను. ఆ దారి నాకు నేర్పిన ఒక సంగతిని ఈ నెల మీతో పంచుకోదలిచాను. అది తుప్పు సంగతి. కాపరికి తుప్పుతో పనేమిటని అనుకోవద్దు. ఈనాడు మన సంఘాల్లో ఎన్నో కుటుంబాల అన్నం చక్రాల మీద నడుస్తున్నది. ఒకరికి ట్రాలీ ఆటో, ఒకరికి కిరాయి కారు, మరొకరికి పాల క్యాన్లు వేసుకుని తిరిగే మోటారు సైకిలు. పొలం గట్టు తెగితే రాత్రికి రాత్రే వెళ్లి కట్టుకుంటాం. బండి అడుగున తుప్పు పట్టి చిల్లుపడితే మాత్రం విరిగి రోడ్డు మీద కూలబడే దాకా చూడము.

ఉప్పు నడిచిన దారి

ఎల్.బి.నగర్ మీదుగా పోయే రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారి. పాత లెక్కలో 9వ నంబరు. పుణెలో మొదలై హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడ దాటి బందరులో సముద్రం దగ్గర ముగుస్తుంది. ఈ రాకపోకలు నేటివి కావు. గోల్కొండ నవాబుల కాలంలో బందరు రేవుకూ గోల్కొండకూ మధ్య వర్తకమంతా ఈ వైపునే సాగేది. ఎల్.బి.నగర్ దాటాక వచ్చే హయత్‌నగర్‌లో అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరున ఒక మసీదు, బాటసారుల కోసం ఒక సరాయి ఉన్నాయి. సముద్రపు ఉప్పును ఎద్దుల మీద వేసుకుని లోపలి సీమలకు మోసుకుపోయిన వారు లంబాడీలు. ఉప్పు లేని ఊళ్లకు ఉప్పు చేర్చడమే వారి జీవనం.

ఆ బిడారులు ఏనాడో ఆగిపోయాయి గాని ఉప్పు ప్రయాణం మాత్రం ఆగలేదు. ఇప్పుడది బస్తాల్లో కాక బండ్ల అడుగున వస్తున్నది. బందరులోనో కాకినాడలోనో పదేళ్లు తిరిగిన కారు అమ్మకానికి ఎల్.బి.నగర్ చేరినప్పుడు, దాని చాసిస్ మూలల్లో, తలుపుల అడుగున, మడ్‌గార్డ్ మడతల్లో ఆ పదేళ్ల ఉప్పు దాగి ఉంటుంది. పైన మాత్రం పాలిష్ మెరుస్తుంటుంది.

తుప్పు ఎలా పుడుతుంది?

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు - ఈ మూడూ కలిస్తే తుప్పు పుడుతుంది. ఏ ఒక్కటి తప్పించినా తుప్పు లేదు. ఇనుమును తప్పించలేము కనుక నీటినీ గాలినీ దానికి తగలకుండా చూడాలి. రంగు చేసే పని అదే. రంగు కేవలం అందం కోసం కాదు, అది బండికి చర్మం. ఒక చిన్న రాయి తగిలి ఆ చర్మం చిట్లితే చాలు, అక్కడి నుండి లోపలికి దారి దొరుకుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద బొబ్బలాగా ఉబ్బుతుంది. బొబ్బ పైకి కనిపించే నాటికి లోపల రోగం ముదిరిందని గ్రహించాలి.

మరి ఉప్పు ఏమి చేస్తుంది? ఉప్పు తానుగా ఇనుమును తినదు. తుప్పు పట్టడమంటే ఇనుము మీద ఒక చోటి నుండి మరొక చోటికి సన్నని విద్యుత్ ప్రవాహం నడవడమే. మంచినీటిలో ఆ ప్రవాహం మెల్లగా సాగుతుంది. ఉప్పు కలిస్తే వేగం అందుకుంటుంది. పైగా ఉప్పుకు తేమను పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో మన వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. బండి అడుగున అంటుకున్న ఉప్పు కూడా అలాగే గాలిలోని తడిని లాగి, వాన లేని రోజున కూడా ఇనుమును తడిగానే ఉంచుతుంది.

తీరంలో ఉన్న మనకు ఈ ఉప్పు రెండు దారుల్లో వస్తుంది. మొదటిది సముద్రపు గాలి. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో కలిసి ఊళ్ల మీదికి వస్తుంది. శీతాకాలపు రాత్రుల్లో మంచు కురిసి, ఆరుబయట నిలిపిన బండి మీద పడ్డ ఆ ఉప్పును కరిగించి సందుల్లోకి దించుతుంది. రెండవది మన చేతులారా తెచ్చుకునేది. రొయ్యలనూ చేపలనూ ఐసులో వేసి బండిలో పెడితే, కరిగిన ఉప్పునీరు దారి పొడవునా కారుతుంది. ఆ బండి కారు అయినా, ట్రాలీ ఆటో అయినా, ముందుగా పాడయ్యేది దాని ఫ్లోరే.

దిల్‌సుఖ్‌నగర్ పిల్లలు, డెట్రాయిట్ చలి

దిల్‌సుఖ్‌నగర్ అంటే హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, మెస్సులు. పల్లెల నుండి వచ్చిన పిల్లలు ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుని, కంప్యూటరు కోర్సులు చదివి, ఉద్యోగాలకు పోటీ పడే చోటు. అక్కడ చదివి సముద్రాలు దాటిన వారిలో మా సంఘపు పిల్లవాడొకడు ఇప్పుడు అమెరికాలో మిచిగాన్ రాష్ట్రంలో ఉన్నాడు. క్రిస్మస్‌కు ఫోను చేసినప్పుడు వాడు చెప్పిన మాట ఇది: "అయ్యగారూ, సముద్రం ఇక్కడికి వందల మైళ్ల దూరం. అయినా కారు మన బందరు కారులాగే తుప్పు పడుతోందండీ!"

కారణం ఉప్పే. మంచు గడ్డకట్టిన రోడ్ల మీద అక్కడ ఉప్పు చల్లుతారు. మంచినీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకడుతుంది గాని, ఉప్పునీరు గడ్డకట్టాలంటే అంతకంటే ఎక్కువ చలి కావాలి. అందుచేత చల్లిన చోట గడ్డ కరుగుతుంది, చక్రం జారదు, ప్రాణాలు నిలుస్తాయి. చలి మైనస్ 9 డిగ్రీలకు దిగితే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడు వంటివి వాడతారు. 1938లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం రోడ్ల మీద ఉప్పు వాడకం మొదలుపెట్టింది. ఆ తరువాత అది చలి రాష్ట్రాలన్నిటికీ పాకింది. విచిత్రమేమంటే, ప్రపంచానికి కార్లు నేర్పిన డెట్రాయిట్ నగరం కిందనే సుమారు 1,200 అడుగుల లోతున ఒక ఉప్పు గని ఉంది. కారుకు పుట్టినిల్లూ తుప్పుకు పుట్టినిల్లూ ఒకే చోట ఉన్నాయన్నమాట!

అది చిన్న నష్టమూ కాదు. పికప్ బండ్ల చాసిస్‌లు తుప్పు పడుతున్నాయని అమెరికాలో వేసిన దావాను, టొయోటా కంపెనీ 2016లో 340 కోట్ల డాలర్ల వరకు విలువ కట్టిన రాజీతో ముగించింది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదంటే, డ్వాక్రా అప్పుతో బండి కొన్న మన తల్లుల మాట ఏమి చెప్పాలి?

అక్కడివారు చేసే పనులు మూడు. మొదటి మంచు పడకముందే బండి అడుగున, తలుపుల లోపలి సందుల్లో నూనెగాని మైనంగాని కొట్టిస్తారు. ఏటేటా చేయిస్తారు. చలికాలంలో ఎండ కాసిన రోజు చూసి అడుగుభాగం కడిగిస్తారు. ఇక మూడవది నన్ను ఆశ్చర్యపరిచింది. ఉప్పు బురదతో వచ్చిన బండిని వెచ్చని షెడ్డులో పెట్టడం మంచిది కాదట. బయటి గడ్డ చలిలో తుప్పు మెల్లగా నడుస్తుంది. వెచ్చదనంలో ఆ బురద కరిగి పని మొదలుపెడుతుంది. ఈ మాట విన్నాక మన తీరం గుర్తుకు వచ్చింది. వేడి, తేమ, ఉప్పు మూడూ మన దగ్గర ఏడాది పొడవునా కలిసే ఉంటాయి. మిచిగాన్‌లో ఉప్పు నాలుగైదు నెలల చుట్టం. మన ఊళ్లలో అది ఇల్లరికపు అల్లుడు.

ఆటోనగర్‌లో ఒక ఉదయం

ఎల్.బి.నగర్ నుండి హయత్‌నగర్ వెళ్లే దారిలో, వనస్థలిపురం దగ్గర, హరిణ వనస్థలి జింకల పార్కుకు చేరువలో ఆటోనగర్ ఉంది. లారీలు, బాడీ కట్టే షెడ్లు, వెల్డింగు మెరుపులు, పాత ఇనుము గుట్టలు. 2021లో మా సంఘపు యువకుడొకడు కిరాయికి తిప్పుకోవడానికి ఒక పాత కారు కొనాలని వచ్చినప్పుడు నేనూ తోడు వెళ్లాను. వాడికి తండ్రి లేడు. తల్లి అరెకరం కౌలుకిచ్చి తెచ్చిన సొమ్ము, డ్వాక్రా అప్పు, చెల్లెలి చెవి కమ్మలు కుదువ పెట్టిన డబ్బు కలిపితే రెండు లక్షల డెబ్బయి వేలు. ఆ డబ్బు వాడి బనియను లోపలి జేబులో ఉంది. దారి పొడవునా చెయ్యి అక్కడే పెట్టుకున్నాడు.

వాడికి నచ్చిన బండి తెల్లగా తళతళలాడుతున్నది. అడుగున కూడా కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంది. "చూడండి అయ్యగారూ, కింద కూడా ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు. మేము వెంట తీసుకువెళ్లిన వృద్ధ మేస్త్రి, అక్కడే నలభై ఏళ్లుగా టింకరింగు పని చేసిన ముస్లిం పెద్దమనిషి, ఆ మాటకు నవ్వాడు.

"పాస్టర్ సాబ్, పాత బండి కింద కొత్త రంగు ఎందుకు కొడ్తరు? సోంచాయించున్రి" అన్నాడు.

జేబులోంచి పాత రేడియో స్పీకరులో నుండి ఊడదీసిన అయస్కాంతం తీశాడు. దానిని పలుచని గుడ్డలో చుట్టి తలుపుల అంచుల మీద, చక్రాల పైభాగాన పెట్టుకుంటూ వెళ్లాడు. చాలాచోట్ల అతుక్కుంది. వెనుక చక్రం దగ్గర అతుక్కోక జారిపోయింది. "ఇక్కడ ఇనుము లేదు. పుట్టీ ఉన్నది" అన్నాడు. తరువాత డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాటు ఎత్తి చేత్తో తడిమాడు. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంట చూశాడు. చివరికి తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి భాగాన్ని స్క్రూడ్రైవరు పిడితో తట్టాడు. గట్టి ఇనుము టంగుమనాలి. అది పుచ్చిన కొబ్బరికాయలాగా బొదబొదమన్నది. పైన పటారం, లోన లొటారం.

పిల్లవాడి ముఖం చిన్నబోయింది. మనసంతా ఆ బండి మీదనే ఉంది గదా. మేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేసి, "బేటా, ఇంజన్ పోతే ఇంజన్ మార్చొచ్చు. నేల పోతే ఏం మారుస్తవ్? ఈ బండికి ఒక్క దెబ్బ తగిలితే లోపలున్నోళ్లను కాపాడేది ఏమీ లేదు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తుప్పు రూపాయల నష్టం మాత్రమే కాదు. బ్రేకు నూనె నడిచే ఇనుప గొట్టం కూడా అదే అడుగున ఉంటుంది. అది తుప్పుపట్టి పగిలిన రోజున బ్రేకు పడదు. కిరాయి బండిలో కూర్చునేది మన బిడ్డలే, మన వృద్ధులే.

ఆ మధ్యాహ్నం మరొక బండి చూశాము. రంగు వెలిసింది, ముందు బంపరు సొట్టపోయింది, సీట్లు చిరిగాయి. నంబరు ఎ.పి. 24, అంటే నల్లగొండ బండి. ఉప్పుగాలి ఎరుగని మెట్ట సీమ. మేస్త్రి అడుగు నుండి బయటికి వచ్చి చేతులు దులుపుకుని, "ఇది తీస్కో. బట్టలు పాతవి, ఒళ్లు గట్టిది" అన్నాడు. రెండు లక్షల ముప్పయి వేలకు బేరం తెగింది. తెలంగాణ బండిని ఆంధ్రకు తీసుకువెళ్లడానికి ఎన్.ఓ.సి., మళ్లీ రిజిస్ట్రేషను, పన్ను, పసుపు ప్లేటు ఖర్చులకు మిగతా సొమ్ము సరిపోయింది.

బండి కొనేవారు నంబరు ప్లేటును అందుకే జాగ్రత్తగా చదవాలి. పాత లెక్కలో ఎ.పి. 16 కృష్ణా, ఎ.పి. 05 తూర్పు గోదావరి, ఎ.పి. 31 విశాఖ, ఎ.పి. 26 నెల్లూరు. ఇవి తీరపు జిల్లాలు. ఎ.పి. 22 మహబూబ్‌నగర్, ఎ.పి. 24 నల్లగొండ. ఇవి మెట్ట జిల్లాలు. 2019 నుండి ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఎ.పి. 39 ఒకటే ఇచ్చారు కాబట్టి, అటువంటి బండికి ఆర్.సి.లో యజమాని చిరునామా చూడాలి. తీరపు బండి అయినంత మాత్రాన చెడ్డదని కాదు. బాగా చూసుకున్న బందరు బండి, చూసుకోని నల్లగొండ బండి కంటే మేలుగా ఉండవచ్చు. అయితే మొదట ఎక్కడ తట్టి చూడాలో ఆ నంబరు చెబుతుంది.

ఆ ప్రాంతంలో మరొక జాగ్రత్త కూడా అవసరం. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ పరిసరాల్లోని అనేక కాలనీలు మునిగాయి. ఇళ్ల ముందు నిలిపిన కార్లలోకి బురదనీరు చేరింది. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా కొన్ని గుర్తులు మిగులుతాయి. సీట్ల కింద పట్టాల మీద, సీటు బోల్టుల మీద తుప్పు, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే కొసన బురద చార, అద్దాలు మూసి ఉంచితే ముక్కు వాసన. వీటిని చూసిన తరువాతనే సంచి ముడి విప్పాలి.

ఇంటి దగ్గర చేసుకోదగిన పనులు

ఆ మేస్త్రి చెప్పినవీ, మిచిగాన్ అబ్బాయి చెప్పినవీ కలిపి, మన కుటుంబాలకు పనికివచ్చే వాటిని ఇక్కడ వ్రాస్తున్నాను.

1. బండి పైభాగం కంటే అడుగుభాగం కడగడం ముఖ్యం. తీరపు ఊళ్లలో కనీసం పదిహేను రోజులకొకసారి మంచినీటితో చక్రాల లోపలి వైపు, అడుగు మడతలు ధారగా కడగాలి. బోరునీరు ఉప్పగా ఉంటే దానితో కడగవద్దు, కాలువ నీరు మేలు. రొయ్యలో చేపలో వేసిన రోజున ఆ రాత్రే కడగాలి.

2. తలుపుల అడుగు అంచున చిన్న రంధ్రాలుంటాయి. లోపలికి దిగిన వాననీరు బయటికి పోయే దారులవి. మట్టితో పూడిపోతే పుల్లతో తీయాలి.

3. మ్యాట్ల కింద తడి నిలవనివ్వకూడదు. నెలకొకసారి తీసి ఎండలో వేయాలి. ఏ.సి. నీరు కారే గొట్టం మూసుకుపోతే ఆ నీరంతా మ్యాట్ల కిందికే చేరుతుంది.

4. రంగు చిట్లిన చోట తుప్పు కనబడితే దాని మీద రంగు పూయవద్దు. ఉప్పుకాగితంతో మెరిసే ఇనుము కనబడే వరకు రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, రెడ్ ఆక్సైడు వేసి, ఆపైన రంగు వేయాలి. తుప్పు మీద రంగు వేయడమంటే కుళ్లిన పుండు మీద కట్టు కట్టడమే.

5. యాంటీ రస్ట్ కోటింగు వేయించేటప్పుడు అడుగు కడిగి, బాగా ఆరిన తరువాతనే వేయించాలి. తడి మీద వేస్తే ఆ తడి లోపలే బందీ అయి మరింత కీడు చేస్తుంది. వేయించడంతో పని ముగియదు. రాళ్లు తగిలి ఊడిన చోట్లు ఏటా వానాకాలానికి ముందు చూపించుకోవాలి.

6. వాడేసిన ఇంజను ఆయిలు అడుగున పూయడం మన ప్రాంతంలో పాత అలవాటు. దానివలన రబ్బరు బుష్‌లు ఉబ్బి చెడిపోతాయి. బ్రేకుల మీద పడితే ప్రమాదం. కారిన చోట నేల, నీరు పాడవుతాయి. ఆ అలవాటు మానడం మంచిది.

7. రాత్రిపూట ఆరుబయట కంటే కప్పు కింద, నాలుగు వైపులా గాలి ఆడే చోట నిలపాలి. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే తేమ లోపలే నిలిచిపోతుంది. పలుచని గుడ్డ కవరు మేలు.

8. ఏటా ఒకసారి మెకానిక్ చేత బండి పైకెత్తించి, బ్రేకు గొట్టాలు, చాసిస్ చూపించాలి. అందుకయ్యే కూలి, ఒక ప్రాణం విలువ ముందు ఏపాటి?

వీటిలో పెద్ద ఖర్చు పెట్టవలసినవి తక్కువే. అన్నిటికీ కావలసింది క్రమం. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో మన ప్రభువు చిమ్మెటనూ తుప్పునూ దొంగనూ ఒకే వరుసలో నిలిపాడు. ఆ మూడింటికీ ఒక పోలిక ఉంది. ఎవరూ చూడని చోటనే మూడూ పనిచేస్తాయి. తెరవని పెట్టెలో చిమ్మెట, కడగని మూలలో తుప్పు, కాపలా లేని గోడ వెంట దొంగ. ఈ లోకపు సొత్తు శాశ్వతం కాదని నేర్పిన ఆ వాక్యం, సొత్తును అశ్రద్ధ చేయమని నేర్పలేదు. ఒక విధవరాలి కౌలు సొమ్ము, ఒక ఆడపిల్ల చెవి కమ్మలు కలిసి బండిగా మారినప్పుడు, దానిని కాపాడుకోవడం నమ్మకమైన గృహనిర్వాహకత్వంలో భాగమే.

ఆ నల్లగొండ బండి మా ఊరికి వచ్చిన తొలి ఏడాదిలోనే చెల్లెలి కమ్మలు విడిపించుకున్నారు. ఇప్పటికీ ఆదివారం ఆరాధన ముగిశాక నడవలేని ఇద్దరు ముసలమ్మలను వాడు ఆ కారులోనే ఇళ్లకు చేరుస్తాడు, కిరాయి తీసుకోడు. సొట్టపోయిన బంపరు ఇంకా అలాగే ఉంది. అడుగు మాత్రం పదిహేను రోజులకొకసారి కాలువ నీటితో కడుగుతాడు. మీరు ఈసారి ఎల్.బి.నగర్‌లో దిగి బండి బేరానికి వెళ్లినప్పుడు, మెరుపు చూసి మురిసిపోక ముందు మ్యాటు ఎత్తి చూడండి.